తలకట్టు

పర్లాకిమిడిలో నా బ్రష్షుకి రెండు భాషల అన్నం.
ఒడియా అక్షరానికి గొడుగు పడతాను,
తెలుగు అక్షరానికి తలకట్టు కడతాను.
నెత్తి ఖాళీగా ఉంటే ఈ ఊళ్లో ఏ పేరూ బోర్డెక్కదు.

ఎండాకాలం, విచారణ గురువు గారు కాగితం తెచ్చారు.
కొత్త మేత్రాణి ఆంబ్రోస్ రైకా గారి చిహ్నం,
తొలి రాకకి గేటు పక్క గోడ మీద ఉండాలట.
"బేగి కావాల, గవరేసూ."

పైన ఆకుపచ్చ టోపీ. వెడల్పు అంచు.
ఇరుపక్కలా జారే తాళ్లు, తాడుకు ఆరు కుచ్చులు
ఒకటి, రెండు, మూడు, మెట్లు దిగినట్టు.
"ఇంత టోపీ ఆయనకి బరువు కాదా?"
"ఎవరూ పెట్టుకోరు," అన్నారు ఫాదర్,
"తలల మీంచి ఎప్పుడో దిగి బొమ్మల్లోనే మిగిలింది."
టోపీ కింద తల లేదు. సిలువ ఉంది.

సిలువ కింద డాలు. ఏ యుద్ధానికో అడగలేదు.
డాలు అడుగున రెండు నీలం అలలు: మహేంద్రతనయ.
ఒడిశాలో పుట్టి ఆంధ్రాలోకి నడిచిపోయే ఏరు,
దానికి ఏ లిపిలో బోర్డు రాయాలో
నన్నెవరూ అడగలేదు.
అలల మీద గుండ్రంగా, గీతలు గీతలుగా ఒకటి.
సూర్యుడనుకున్నాను. డబ్బాడు పసుపు పోశాను.

శనివారం, చెప్పాపెట్టకుండా,
రబ్బరు చెప్పులతో ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.
వేలి ఉంగరం చూశాక గానీ నేను నిచ్చెన దిగలేదు.
సవర యాసతో, సంతలో నేర్చిన తెలుగుతో
"సూర్యుడు కాదయ్యా. అడ్డాకు.
మా యమ్మ కుట్టిన విస్తరి.
వంద కుడితే శేరు ఉప్పొచ్చేది.
పుల్ల ఇక్కడ గుచ్చి, ఇదిగో, ఇక్కడ తీసేది."
మేత్రాణి గారి వేలికి నా పసుపు అంటుకుంది.

రాత్రి వీధిదీపం కింద ఏడు ఆకులు వేశాను.
పుల్లలు లెక్కపెట్టలేదు.
కింద రిబ్బను మీద లాటిన్ మాట.
నెత్తిన ఏమీ లేని అక్షరాలు,
పొద్దున్నే కూలికి వరసకట్టిన మనుషుల్లా నిటారుగా.
అర్థం "ఆకలి ముందు వంగు" అట.
వంగమనే మాటకి ఇంత బిగుసుకున్న అక్షరాలా అని
చివరిదాన్ని కాస్త వంచాను.
ఎవరూ పట్టలేదు.

విందు అడ్డాకుల్లోనే. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర.
తిన్నవి గోడ వెనక్కి పడ్డాయి, మేకలొచ్చాయి.
గోడ మీది విస్తరిలో మాత్రం ఎవరూ తినలేదు,
ఆ టోపీ ఎవరూ పెట్టుకోనట్టే.

రెండు వానాకాలాలకి ఆకుపచ్చ పలచబడింది.
సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడితే
ఆకు కింద నా తప్పు సూర్యుడు కనిపిస్తాడు.
మళ్లీ రంగెయ్యమంటారు ఫాదర్.
రేపు, రేపు అంటున్నాను.