రెండో పంచు

పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలె.
మొదటి పంచు ఎవరో ఒకరు దొరుకుతరు,
రెండో పంచు ఎప్పుడూ నేనే.
దుర్గం బానయ్య, వయసు యాభై రెండు,
ధందా శేతి, ముక్కాం ప్రాణహిత ఒడ్డు,
తాలూకా సిరొంచ.
కాగితం మీద మరాఠీ, నోట్లె తెలుగు.
మొద్దులు లెక్కపెట్టేటప్పుడు మాత్రం
నాకేదారు లచ్చుబాయి గోండిలో గొణుగుతది.
అమ్మ నేర్పిన అంకెలైతే తప్పు పోవట.

పద్దెనిమిదేండ్లు.
టేపు చుట్టుడు, లావు చెప్పుడు,
'ఖరే' అని సంతకం పెట్టుడు.
కోసిన మొదలు మీద చెయ్యి పెడితే
తడి. రాత్రిదే.
రంపపు పొట్టు కొత్త చెప్పుల వాసన.

పచ్చి టేకు నీళ్లల్ల మునుగుతది.
ఈ ఒడ్డున పిల్లగాండ్లకు గూడ ఎరుకే.
రెండు దిక్కుల ఎండు వెదురు కట్టి
మొగులు పట్టిన రాత్రి ఇడిస్తే
పీనుగ లెక్క పోతది, మెల్లగ.
ఆవలి ఒడ్డున మంచమైతది,
ఎవరింటనో దేవుని అర్రకు గడపైతది.
పసుపు పూసినంక
ముద్ర లేని సంగతి ఎవరు చూస్తరు?

సర్కారు జంగల్ అంటరు.
సర్కారుదంటే ఎవరిదీ కాదని
కోసేటోళ్లు అనుకున్నరు.
కొయ్యనోళ్లం, మేమూ అట్లనే అనుకున్నం.

మొన్న భాద్రపదంల
పదకొండు మంది ఆడోళ్లు రేవుకు అడ్డంగ పండుకున్నరు.
తునికాకు కాలం కాదు, ఇప్పపువ్వు కాలం కాదు,
ఆ నెలల అడవి వాళ్లకు పైస ఇయ్యదు.
గొంగళ్లు కప్పుకొని
దోమలను తిట్టుకుంట పండుకున్నరు.
ట్రాక్టరొచ్చింది, లైట్లు ఆర్పుకొని.
నడిపేటోడు ఆలం పోశక్క మేనల్లుడే.
ఆమె లేవలేదు.
"ఎక్కించుకొని పో బిడ్డా,
ఇంకో మొద్దు పడ్డదనుకో" అన్నదట.
వాడు దిగి, తాళంచెవి బండికే ఇడిచి
పత్తి చేన్లకెల్లి పోయిండు.

పొద్దుగాల పిలుపు: బానయ్యా, పంచు.
పోయిన. పద్నాలుగు మొద్దులు.
లచ్చుబాయి టేపు చుట్టింది, గొణిగింది.
పోశక్క ఒక లేత టేకాకు తెంపి
ఊరికెనే నలుపుకుంట కూసున్నది.
అరచెయ్యి ఎర్రగైంది.
నేను సంతకానికి వంగితే
"నీ దర్వాజకు సుత్తి ముద్ర ఉన్నదా తమ్మీ?"
అందరు వినేటట్టు కాదు.
సున్నం అడిగినట్టు అడిగింది.

నా బిడ్డ పుట్టినేడు.
ఆ రాత్రి మొద్దు తెచ్చినోడు దమ్ము తీసుకుంటుంటే
బేరమాడింది నేనే.
రెండు వందలు తగ్గించుకున్న.
ఆ తలుపు తెరుచుకొనే
ఇన్నేండ్లు సాక్ష్యానికి పోయిన.

"పదిహేను" అన్న.
లచ్చుబాయి తలెత్తింది. "ఏడున్నది?"
"మా ఇంట్ల. నిలబెట్టి ఉన్నది.
రోజూ దాని కిందికెల్లే వస్త."
ఆమె టేపును వేళ్లకు చుట్టుకుంట, ఇప్పుకుంట
శానసేపు కూసుంది.
అది మరాఠీల ఎట్ల రాయాల్నో
ఆమెకూ తెల్వలేదు.

ఇప్పుడు మా గుమ్మానికి గోనెపట్ట.
కుక్క లోపలికొస్తది, వానజల్లు వస్తది,
నా పెండ్లాం ఇంకా మాట్లాడతలేదు.
కానీ తలుపు లేనింట్ల
ట్రాక్టరు చప్పుడు
దూరముండంగనే వినబడుతది.