అనంతానికి వెంట్రుకవాసి ఇవతల

కోఠీ గుజరాతీ గల్లీలో, మెట్ల కింద
వంగి దూరాల్సిన దుకాణం కరామత్ భాయ్‌ది.
నాలుగు వేలు చెప్పి మూడుకి ఇచ్చాడు.
రష్యన్ అక్షరాల లెన్సు, యాభై ఎనిమిది మిల్లీమీటర్లు,
కల్వంలో పొత్రంలా చల్లగా, బరువుగా.
అంచు మీద సూదితో గీకిన పేరు:
జయంత్ స్టూడియో, కాచిగూడ.
ఎందరి జీలకర్రబెల్లం చూసిందో ఈ గాజు,
లోపల ఓ మూల సాలీడు కాలంత బూజు.
"అది ఫోటోల రాదు బేటా, ధరలనే వస్తది" అన్నాడు.

నా కెమెరాకి అద్దం లేదు,
వాయిదాలు ఇంకా తొమ్మిదున్నాయి.
కళ్ళెక్కడున్నా వెతికి పట్టి
పచ్చ చతురస్రం బిగిస్తుంది,
గోడ మీది ఎన్నికల పోస్టరు కళ్ళకి కూడా.
కోకాపేటలో ముప్పయ్యో అంతస్తు,
అమ్మకానికున్న ఖాళీ హాలు తీస్తుంటే
కిటికీ అద్దంలో నా కళ్ళనే పట్టుకుంది.
ఆ రోజే అనుకున్నాను
వెతుక్కునే పని కొంత నాకూ మిగలాలని.

ఆ రెంటికీ వియ్యం కలిపింది
ఓ ఇత్తడి రింగు.
కెమెరా నమ్మలేదు.
లెన్సు తగిలించలేదంది.
తగిలించానే!
మెనూలో అడుగున ఎక్కడో
లెన్సు లేకున్నా సరేనని ఒప్పించాను.

మొదటి వారమంతా మసక.
ఇరానీ హోటల్లో
సాసరు అంచు తేలింది, చాయ్ మునిగింది.
తేరిన చోటల్లా తెర మీద ఎర్రచీమల బారు.
రింగు తిప్పితే కదిలి
సాసరు నుంచి వేలి గోటికి,
గోటి నుంచి ఎదుటాయన మీసానికి,
మీసం దాటి గోడ కేలండర్‌లో
ఎవరో చుట్టిన ఇరవై మూడో తేదీకి.
ఎక్కడ ఆపాలో చీమలు చెప్పవు.
ఇందిరా పార్కులో అమ్మాయి వెనక వేపాకులు
జాంగ్రీ చుట్లు చుట్టుకున్నాయి.
అమ్మాయి మాత్రం
నేను ఊపిరి పీల్చినంతలో చెదిరిపోయింది.

దగ్గరివి ఎలాగో అలవాటయ్యాయి.
దూరమే కుదరలేదు.
పడుకున్న ఎనిమిది గుర్తు దాకా తిప్పితే
రింగు ఠక్కున ఆగేది.
మొజంజాహీ మార్కెట్ గడియారం ముళ్ళు
అక్కడికింకా నానుతూనే ఉండేవి.

మళ్ళీ మెట్ల కిందికి.
"అడాప్టర్ మందమున్నది, వెంట్రుకంత.
రింగు చుట్టు మూడు మరలుంటయి,
ఒదులు చేసి జర తిప్పితే అయిపాయె."
స్క్రూడ్రైవర్ తీసి
నా చేతిలో పెట్టాడు.
"నువ్వే చెయ్యాలె.
పోయిన నెల కండ్ల ఆపరేషనైంది.
దూరం మస్తు కనవడ్తది,
సడక్ అవతల బస్సు నంబరు చెప్తా.
చేతులదే కనవడ్తలేదు.
నాగ్గూడ ప్రైమ్ లెన్సే ఏసిన్రు బేటా,
తిప్పే రింగు పెట్టుడు మర్చిన్రు."
కళ్ళజోడుకి డాక్టరు ఇంకో పది రోజులన్నాడట.

ఆవగింజలో సగం మరలు.
ఆయన బొటనవేలితో తడిమి చూపించాడు,
నేను విప్పాను.
"అగో, ఆ షర్బత్ బోర్డు చూడు.
ముందటి అచ్చరం మీద నుక్తాలెన్ని?"
నాకు ఉర్దూ రాదు.
చుక్కలు లెక్కపెట్టడం వచ్చు.
ఒకటి, పెద్దది, ఉబ్బింది.
"ఇంక జర."
రెండేమో.
"ఇంక."
గల్లీలోకి ఆటో వచ్చి బోర్డుకి అడ్డం నిలిచింది,
తిట్టాడు, పోయింది.
మూడు.
విడివిడిగా, మిరియాల్లా, మూడు.
"బస్. బిగియ్యి."

డబ్బులు తీసుకోలేదు. ఫోటో తియ్యమన్నాడు.
నవ్వబోయి ముందుకి ఊగాడో, నేనే ఊగానో,
చీమలు కన్ను తప్పి
చెవి మీది తెల్లవెంట్రుకల మీద వాలాయి.
చెరిపేసేదాన్నే, చూపించమన్నాడు.
చేయి చాచి దూరం పెట్టాడు. చాల్లేదు.
నన్ను పట్టుకొమ్మని
గల్లీలోకి వెనక్కి నడిచాడు,
కేబుళ్ళు దాటి, నిమ్మకాయల బండి దాటి,
చివరికి షర్బత్ దుకాణం మెట్టెక్కి
అక్కడి నుంచి కేకేశాడు:
"ఆఁ! ఇప్పుడు సాఫ్ ఒచ్చింది!"