మోకాళ్ళ ఎత్తు

కొత్త ఓనరు ఒకే మాట చెప్పినాడు:
"ఫొటోలో హోటలు కొండ కంటే ఎత్తుగా పడాల."
రెండు వేలు అడ్వాన్సు టేబుల్ మీద పెట్టి
దాని మీద పేపర్‌వెయిట్ పెట్టినాడు.

గరుడాద్రి ప్యాలెస్.
ఆరంతస్తులు, సున్నం గచ్చు, మద్రాసు నుంచి తెప్పించిన ఇనప కటకటాలు.
నాయిన చెప్పేవాడు, రేణిగుంట దాటినాక రైల్లో
పిల్లోళ్ళు కిటికీ ఊచలకు ముక్కులానించి
ముందు కొండ, తర్వాత గోవిందరాజుల గోపురం,
ఆ తర్వాత దీన్నే వేలు పెట్టి చూపించేవాళ్ళంట.
ఇప్పుడు రాత్రిపూట బోర్డులో 'ప్యా' వెలగదు.
గరుడాద్రి లెస్.
ఆటోవాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు.
బాడుగ మాత్రం లెస్ కాలేదు.

మా స్టూడియో దీని మెట్లకు ఎదురుగానే.
ముందు నాయిన, తర్వాత నేను,
గుండు గీయించుకోని కొండ దిగొచ్చిన కుటుంబాలను
ఈ మెట్ల మీద వరసగా నిలబెట్టి తీసినాం.
నున్నటి గుండ్లు, ఆరిన గంధం, నిద్ర చాలని పసిబిడ్డ.
వెనకాల హోటలు ఎప్పుడూ మసకే.
దాని మొహం ఎట్లుంటాదో
ఈ పొద్దు దాకా నేను ఫోకస్ చేసి చూడలేదు.

తెల్లారి ఐదున్నర.
కోర్లగుంట మేడ మీద నుంచి నీళ్ళ ట్యాంకులు అడ్డం,
స్టేషన్ బ్రిడ్జి మీద నుంచి కరెంటు తీగలు.
యాడ నిలబడినా కొండ
హోటలు నెత్తిన చెయ్యి పెట్టినట్టే ఉండాది.

ఉపాయం నాకు తెలుసు.
వైడ్ లెన్స్ వేసుకోని దగ్గరికి పోవాల, కిందికి దిగాల.
నడుం వంచితే సగం కొండ పోయింది.
చున్నీ నడుముకు చుట్టి
మోకాళ్ళ మీద కూచుంటే మొత్తం పోయింది.
తారు ఇంకా చల్లగానే ఉండాది.

ఈ ఊర్లో ఎవరైనా మోకాళ్ళేస్తే
జనం కారణం అడగరు.
అలిపిరి బస్సు కోసం నిలబడిన ముసలామె
నన్ను చూసి చెప్పులు విడిచింది,
నేను చూసే దిక్కే తిరిగి చేతులెత్తింది.
ఆమె ఎత్తుకు కొండ కనపడిందో లేదో తెలీదు.
ఆమె వెనక ఇంకిద్దరు. ఆమె మనవడు
నోట్లో ఇడ్లీ ముక్కతోనే దండం.
"మోకాళ్ళ మిట్ట మొక్కా అమ్మా, నీది?"
ఊ అన్నాను.
షట్టర్ నొక్కినాను.

ఫొటోలో కొండ లేదు.
ఆరంతస్తులూ ఆకాశంలోకి పోయినాయి,
కింద అందరి చేతులూ దానికే.
ఓనరు మురిసిపోయినాడు,
నాలుగడుగుల ఫ్రేము కట్టించి రిసెప్షన్లో తగిలించినాడు.

వాచ్‌మన్ చెంగల్రాయుడు
డ్యూటీ దిగేటప్పుడు దాని ముందర శానాసేపు నిలబడి
"కొండ యాడికి పాయ పాపా?" అన్నాడు.
"వెనకాలే ఉండాది."
ఆయన ఫ్రేమును గోడ నుంచి కొంచెం ఎత్తి
వెనక్కి తొంగి చూసినాడు.