ఒకటి, రెండు, తిని

గురువారం మా కొమ్ముల ఖార్ఖానాకి సెలవు.
ఎంత తోమినా గోళ్ళ సందుల్లోంచి పోని
బూడిదరంగు పొడితోనే
సుద్దముక్క పట్టుకున్నాను.
సుభద్ర చీరల కొట్టుకి వెళ్ళింది.
వంటింట్లో అమ్మ.
ముందుగదిలో నేనూ, మూడేళ్ళ కేతకీ,
మహేంద్రతనయ దాటి వచ్చిన వానా.

పిల్లకి మాట ఆలస్యం.
అడిగితే వేలు చూపిస్తుంది, లేదా ఏడుస్తుంది.
"రెండు భాషల మధ్య పెరిగితే ఏదీ రాదు" అన్నాడు పక్కింటాయన.
పర్లాకిమిడిలో గోడలకి కూడా రెండు భాషలొచ్చు,
మా పిల్లకేనా కష్టం?
అంగన్‌వాడీ కుముదినీ అపా తూకం వేసింది,
చెవి దగ్గర చిటికె వేసి చూసింది,
చీటీ రాసిచ్చింది.
మందు పేరనుకున్నాను.
"రోజూ దాంతో గెంతు.
కూర్చుని చూడకు. నువ్వూ గెంతు."
అంతే ఉంది.
చీటీ వెనక్కి తిప్పి కూడా చూశాను.

సరే, మంచం లేపి గోడకి నిలబెట్టాను.
గచ్చు మీద ఎనిమిది గళ్ళు.
బిళ్ళ కోసం వెతికితే
పాలిష్‌లో విరిగిన నెమలి దొరికింది,
దాని నల్లటి తోక ముక్క
సరిగ్గా పిల్ల అరచేయంత.

మొదట బిళ్ళ నోట్లో పెట్టుకుంది.
తర్వాత చింతపిక్కల డబ్బాలో వేసి
చెవి దగ్గర గలగలలాడించింది.
ఆ తర్వాతే విసిరింది,
గళ్ళలోకి కాదు, అమ్మ ముగ్గు డబ్బాలోకి.

ఒంటికాలి మీద నిలబడమన్నాను.
నిలబడింది.
పాదం వణికింది, బొటనవేలు గచ్చుని గట్టిగా పట్టుకుంది,
నాలుక ఓ పక్కకి బయటికొచ్చింది,
కనుబొమలు రెండూ ఒకటయ్యాయి.
అంత చిన్న కాలు
అంత పెద్ద ఆలోచన చెయ్యడం
నేనెప్పుడూ చూళ్ళేదు.

మా పనిలో ఒక నియమం ఉంది.
కొమ్ముని కాక మీదుండగానే నొక్కాలి,
చల్లారాక పగులుతుంది తప్ప వంగదు.
పిల్లల బుర్ర కూడా ఈ వయసులో
కాక మీదే ఉంటుందని అపా చెప్పింది.
ఇరవయ్యేళ్ళ చెయ్యి కదా, ఊరుకుంటుందా!
"గీత తొక్కకు. కుడికాలు. కాదు, అలా కాదు,"
బిగించడం మొదలెట్టాను.

కేతకి గళ్ళన్నీ వదిలేసింది.
నా వెనక్కొచ్చి, చొక్కా పట్టుకుని
వీపెక్కింది.
వంగింది నేను.

మోకాళ్ళ మీద గుమ్మందాకా, మంచం కిందినుంచి,
నీళ్ళ బిందెని చుట్టి,
దారిలో ఒక చెంబు దొర్లించి.
ఎద్దునో, ఏనుగునో, గుణుపురం బండినో
అది చెప్పదు, మడమలతో పొడుస్తుందంతే.
నడుము పట్టేసి నేను చతికిలబడితే
అది దిగి, దానంతటదే
మొదటి గడిలోకి గెంతింది.

"ఒకటి."

వాన చప్పుడనుకున్నాను.

"లెండు."

ఊపిరి బిగబట్టాను.

"తిని."

వంటింట్లోంచి అమ్మ కేకేసింది:
"ఏటి తిని? పొద్దుటినుంచి మెతుకు ముట్టలేదు గుంట!"

"చాలి!"

"చారా? ఇంకా కాగలేదే!"

వీధి కుళాయి దగ్గర
బిందెలు లెక్కపెట్టే కనకలతా మావుసీ గొంతు
ఎన్నాళ్ళుగా విని దాచుకుందో.
నోటి దాకా రాక కాళ్ళలో నిలిచిపోయిందేమో మాట,
గెంతితే గానీ పైకి రాలేదు.

అయిదో గడిలో పడింది. ఏడవలేదు.
మళ్ళీ మొదటికొచ్చింది.
నేను లెక్కపెట్టలేదు ఎన్నిసార్లో,
అదే లెక్కపెట్టింది, తప్పులతో సహా.

సాయంత్రం సుభద్ర వచ్చి
తడికాళ్ళతో సగం గళ్ళు చెరిపేసింది.
"ఇదేంటి ఇల్లు?" అంది.
జవాబుగా కేతకి ఆమె చెయ్యి పట్టి లాగింది.
భుజాన సంచీ అలాగే ఉంది,
కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని
ఒకసారి గెంతింది. రెండోసారి నవ్వొచ్చి ఆగిపోయింది.

శుక్రవారం ఖార్ఖానాలో
దువ్వెన పళ్ళు కోస్తూ లెక్కపెడుతున్నాను.
ఒకటి, రెండు, తిని.
పక్క పీట మీది జగన్నాథం తలెత్తి చూశాడు.
చెప్పలేదు ఏమీ.
బల్ల కింద
నా కుడికాలు కొంచెం పైకి లేచి ఉంది.