మిగిలిన పసుపు

బరంపురం ఊళ్ళోకి రాకుండానే
ఇప్పుడు మద్రాసు లారీ కలకత్తా పోతుంది.
హలదియాపదర్ దగ్గర
పెళ్ళిపందిట్లో మాటల్లేని చుట్టంలా
ముఖం చాటేసుకుని, పొలాల మీదుగా.
హలదియా అంటే ఒడియాలో పసుపే.
ఆ సంగతి తర్వాత.

నా పని బైపాస్ మీద కాదు,
పాత రోడ్డు మీది రాళ్ళతో.
గొళంతరా నించి గేట్ బజార్ దాకా పదకొండు.
జాతీయ రహదారైతే తల పసుపు,
రాష్ట్రానిదైతే పచ్చ,
ఊరిదైతే నలుపు.
బైపాస్ తెరిచిన ఏడాదిన్నరకి
సబ్ ఇంజనీరు పాణిగ్రాహి బాబు కాగితం చూపించాడు.
రోడ్డు మునిసిపాలిటీకి వచ్చేసింది,
తలలు నలుపు చెయ్యి కూర్మారావూ,
రాయికి నూట నలభై,
రంగు మాది, బ్రష్షు నీది.

ఆ పసుపు వేసింది మా నాన్న.
ఆయనకి ఒడియా చదవడం రాదు, గీయడం వచ్చు.
"వాళ్ళ అక్షరం గొడుగేసుకుంటుందిరా,
మనది తలకట్టు కట్టుకుంటుంది,
కురిసే వాన ఒక్కటే" అనేవాడు.
అయిదో రాయి మీద ఇచ్ఛాపురానికి
రెండు కిలోమీటర్లు తక్కువ రాసేశాడు.
ఇరవై ఆరేళ్ళు ఒక్క డ్రైవరూ అడగలేదు.
అక్కడ టీ తాగిన వాళ్ళంతా
ఇల్లు కాస్త దగ్గర్లోనే ఉందనుకుని బండెక్కారు.
దిద్దమంటారా అని అడిగితే
పాణిగ్రాహి బాబు నవ్వాడు.
చదివేవాడెవడు, ఉండనీ.

మొదటి రాయి తేలిగ్గానే నల్లబడింది.
రెండోదానికి ఒళ్ళు రుద్దుకున్న మేక
నల్లచార పూసుకుని సంతలోకి పోయింది.
మూడోదాని దగ్గర, బస్సులాగే చోట,
అప్పడాల టునీ సాహు.
గిరాకీ సగానికి సగం పడిపోయిందంది.
కూతురు చెయ్యి పట్టుకోకుండానే రోడ్డు దాటి
బడికి పోతోందంది.
రెండూ ఒకే ఊపిరిలో చెప్పింది,
ఏది ముందో ఇప్పుడు గుర్తు లేదు.

నాలుగో రాయికి మా అమ్మ
చద్దన్నం, ఎండుచేప పట్టుకొచ్చింది.
నేను పసుపు మీద నలుపు లాగుతున్నాను
నుదుటి నించి కిందకి, వెడల్పు బ్రష్షుతో.
గిన్నె దించకుండా చాలాసేపు నిలబడింది.
"రాయికి కూడానేట్రా?" అంది.

నాన్న పదోనాడు
తెల్లారకముందే వాకిట్లోకి తీసుకుపోయి
అమ్మ చుట్టూ చేరిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు.
బ్రష్షు టర్పెంటైన్లో పడేశాను.
ఎండుచేప ఉప్పెక్కువైంది, అయినా తిన్నాను.

అయిదో రాయిని ముట్టుకోలేదు.
బిల్లులో మటుకు పదకొండు.

బైపాస్ మీద రాళ్ళు లేవు.
నిలువెత్తు ఆకుపచ్చ రేకులు,
మిషన్ కోసి అంటించిన అక్షరాలు.
రాత్రి లైటు పడితే వాటంతటవే వెలుగుతాయి.
ఒకసారి సైకిలాపి,
ఎత్తు తక్కువగా ఉన్నదాన్ని తడిమి చూశాను.
ఎక్కడా చెయ్యి వణకలేదు.
వణకడానికి చెయ్యి ఉంటే కదా.

డబ్బులొచ్చిన రోజు
అటక మీది నాన్న పసుపు డబ్బా అమ్మ దించింది.
పైన మీగడ కట్టింది,
స్క్రూడ్రైవర్ గుచ్చితే అడుగున ఇంకా తడి.
"శుక్రారం శుక్రారం ఎవులు పుయ్యగలరు,
ఇదైతే వానకీ పోదు" అంటూ
గడప మీద కూలబడి పూసేసింది,
జాతీయ రహదారి పసుపు, రెండు పూతలు.

"ఆరేదాకా దాటకు" అంది లోపల్నించి.

అరుగు మీద కూర్చున్నాను.
రాత్రి తొమ్మిదికే ఇప్పుడు
మా వీధి కుక్కలు రోడ్డు మధ్యలో పడుకుంటున్నాయి.
ఒకప్పుడు ఈ వేళకి మా గోడమీది అద్దం
హారన్లకి గలగలమనేది.
ఇప్పుడు ఎక్కడో ఊరి వెనక, ఊరు చుట్టూ
సన్నగా లారీల చప్పుడు,
పక్కింట్లో ఎవరో పిండి విసురుతున్నట్టు.

కాసేపయ్యాక వేలితో తాకి చూశాను.
ఇంకా అంటుకుంటోంది.