తెస్తా

రోములో ఒక గుట్ట ఉంది.
రాయి కాదు, మన్ను కాదు,
మొత్తం పగిలిన నూనె జాడీలే.
రెండు వేల ఏళ్ల కిందట ఎవరో
ఖాళీ చేసి, పగలగొట్టి, కంపు రాకుండా సున్నం చల్లి
వరసగా పేర్చిపోయారు.
ఇప్పుడు దానిమీద గడ్డి.

గుట్ట పక్క షెడ్డులో ఎర్సీలియా
మెత్తని బ్రష్షుతో పెంకులు కడుగుతుంది.
ఒకటి ఎత్తి చూపించి
"పాత లాటిన్‌లో దీన్ని తెస్తా అనేవాళ్లు" అంది.
తడిచేత్తోనే తన నెత్తిమీద తట్టుకుంది.
"ఇప్పుడు ఇదీ తెస్తానే."

నా చెవికది తెలుగులా తగిలింది.
ఏం తెస్తావమ్మా అనబోయి ఊరుకున్నాను.

తలకు వేరే మాట ఉండేది, కాపుత్,
శాసనాల్లో చెక్కదగ్గ మాట.
ఏ సారాకొట్టులోనో ఏ సిపాయో
పక్కవాడి గుండు నిమిరి
"కుండ పగులుద్దిరోయ్" అని ఉంటాడు.
బల్లంతా నవ్వి ఉంటుంది.
నవ్వు చల్లారింది, కుండ మిగిలింది.
కాపుత్ పెద్దరికానికి పోయింది:
పనివాళ్లమీద యజమాని అయింది,
సముద్రంలోకి పొడుచుకెళ్లిన నేలకొన అయింది.
తల నొప్పెడితే మాత్రం
ఎవరూ దాన్ని పిలవరు.

బుట్టలు మోసే దోరు రుమేనియావాడు.
వాళ్ల దగ్గర ఆ మాట ఇంకా లోపలికి దిగి
పుర్రె దగ్గర ఆగిందట.

మధ్యాహ్నం రొట్టె తుంచుకుంటూ
మొగుడు నేవియో సంగతి చెప్పింది.
"నలభై ఏళ్లు తిట్టాను, తెస్తార్దో అని.
మొండిబుర్ర! తిట్టు కూడా ఈ పెంకులోంచే పుట్టింది.
పోయిన చలికాలం నిచ్చెన మీంచి పడ్డాడు.
డాక్టరు ఫిల్ము దీపానికి ఎత్తిపట్టాడు.
ఆయన నోరు తెరిచేలోపే చూశాను,
చెవి వెనకనుంచి బీట.
రోజూ చూసే బీటే కదా."

"అతికిందా?"

"ఎముక అతికింది.
లోపలిది కాస్త ఒలికిపోయింది."

జాడీ మెడమీద నల్లసిరాతో రాసుండేదట,
ఎంత నూనె, ఏ రేవు, ఎవరు తూచారు.
పెంకుమీద ఒక్కోసారి సగం పేరు దొరుకుతుంది.
నేవియో కూడా
"ఎర్సీ..." అని ఆగిపోతాడు.
మిగతా సగం కోసం
ఆమె మొహంలో వెతుకుతాడు.

సాయంత్రం చేతులు తుడుచుకుని ఫోను తీసింది.
ఇంటి యాసలో, గబగబా, గొంతు తగ్గించి
చాలాసేపు మాట్లాడింది.
నాకు అందింది ఒక్క మాటే,
తెస్తా,
అదీ నా భాషలో.