ఆరు గడియారాలు

ఓర్వకల్లు రన్‌వే వదిలేసరికి తొమ్మిదింపావు.
అక్టోబరు. నల్లరేగడి మీద శనగ విత్తిన గొర్రు చాళ్లు
తల దువ్విన గీతల్లా కింద.
ఈ దారికి నాకు మ్యాప్ అక్కర్లేదు.
కుడి రెక్క కింద బనగానపల్లె గుట్టలు,
ఎడమ రెక్కను ఆనుకుని కుందూ.
కుందూ ఎటు వంగితే నేనూ అటు.
కళ్లతో నడిపే ప్రయాణం. ఒక్కటే షరతు:
మబ్బు ఎదురొస్తే పక్కకు జరగాల,
పెద్దమనిషికి దారి వదిలినట్టు.

కోయిలకుంట్ల దాటినాక
పెద్దమనుషులు ఎక్కువైపోయినారు.
ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని
సందు లేకుండా నిలబడినారు.
వాయుగుండం రాత్రికి గానీ రాదని
పొద్దున చెప్పినారు. దానికెవరూ చెప్పలేదు.

ముందు కుందూ పోయింది.
తర్వాత ప్రొద్దుటూరు ఉండాల్సిన చోట
పాలు ఒలికిన గచ్చు.

"కడప టవర్, వి.ఎఫ్.ఆర్. కొనసాగించలేను.
ఐ.ఎఫ్.ఆర్. కావాలి."
నా గొంతు నాకే కొత్తగా ఉంది.
అవతల ఒక ఊపిరంత నిశ్శబ్దం.
నాలుగంకెల కోడు ఇచ్చినారు, దిక్కు ఇచ్చినారు,
పాలకొండల నెత్తి తగలని ఎత్తు ఇచ్చినారు.
తిరిగి అప్పజెప్పినాను, ఎక్కం చెప్పినట్టు.

ఇంక కిటికీతో పని లేదు.
తెల్ల గోడ. దాన్ని చూడకూడదు,
చూస్తే కతలు చెబుతుంది.

మొదటి కత నా ఒళ్లే చెప్పింది:
ఎడమకు ఒరుగుతున్నావు, కుడికి తిప్పు.
చెవి లోపల ఎక్కడో చెంచాడు నీళ్లు,
గిన్నె ఆగినాక కూడా తిరిగే నీళ్లు,
ఒట్టు పెట్టి చెబుతున్నాయి.
మధ్య డయల్లో బొమ్మ విమానం మాత్రం
రెక్కలు సమానంగా చాపుకుని
సంతకం కోసం కూచున్న గుమాస్తాలా
నన్నే చూస్తాంది.

ఓబులేసు చిన్నాయన గుర్తొచ్చినాడు.
అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేన్లో నడిచేవాడు.
కాయ లేచి నిలబడిన చోట నీళ్లు.
నిజంగానే నిలబడేది. ఆయన నరం
మోచేతి దాకా కొట్టుకునేది, నేను పట్టి చూసినాను.
ఆ నరాన్ని నమ్మి ఏడు బోర్లు వేసినారు.
ఏడింటా దుమ్ము.
ఎనిమిదోది జియాలజిస్టు మీటరు పెట్టి చూపించినాడు.
అందులోనూ దుమ్మే.
అందుకే ఒక్కరినే నమ్మి కూచోవడం
మా ఇంట్లో ఎవరికీ చాతకాదు.

మధ్యది చూసి ఎత్తు. మధ్యది చూసి వేగం.
మధ్యది చూసి దిక్కు. మళ్లీ మధ్యది.
ఒకటి అబద్ధమాడితే పక్కనున్నవి పట్టిస్తాయని
ఖాజామియా సార్ ముఖానికి ముసుగు తొడిగి నేర్పినాడు.
అప్పుడు ముసుగు అంచు కింద నుంచి
పొలం ముక్క దొంగచూపు చూసేదాన్ని.
ఈరోజు అంచు లేదు.

ఒళ్లు ఇంకా వాదిస్తానే ఉంది. వాదించనిచ్చినాను.
యోక్ మీద రెండు వేళ్లు చాలు.
గట్టిగా పట్టుకుంటే
చెవిలోని అబద్ధం చేతిలోకి దిగుతుంది.

రెండు వేల అడుగులు. పదహారు వందలు.
పద్నాలుగు వందల దగ్గర మబ్బు అడుగు చినిగింది.
ముందు ఒక బండల గని, తడిసి నల్లగా మెరుస్తా.
తర్వాత రైలు కట్ట. దాని అవతల రన్‌వే.

"కనపడతాంది" అన్నాను, ఇంగ్లీషు మర్చిపోయి.
టవర్లో ఎవరో నవ్వినారు.

ఇప్పుడు కళ్లు బయటికి తియ్యాల.
అదీ కష్టమేనని ఎవరూ చెప్పలేదు.
ఇరవై నిమిషాలు సూదుల్ని నమ్మిన కళ్లు
నేలను చూసి అనుమానపడినాయి:
ఇంత పెద్దది, ముల్లు లేదు, అంకె లేదు,
ఎట్లా నమ్మేది?

ఇంజను ఆపినాక ప్యానెల్ ఫొటో
చిన్నాయనకు పంపించినాను. వెంటనే ఫోను:
"ఆరు గడియారాలేంది పాపా,
ఒక్కటన్నా సరైన టైము చూపించడంలే!
అది సరే, ఆ మబ్బు
మా చేను దిక్కుకు వస్తాందా, లేదా?"

ఏ సూదీ చూడకుండానే
వస్తాంది అన్నాను.